మా మామ్మ ఓడిపోయిన బేరం

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే మా మామ్మ వెర్రిదిగా మిగిలిపోతుంది. అచ్చులో ఇప్పటికే మిగిలిపోయింది. పోయిన వేసవిలో ఏలూరు గ్రంథాలయంలో, కొత్తగా వచ్చిన పుస్తకాలు పరిచే బల్ల మీద ఒక జానపద కథల సంపుటం కనిపించింది. అలవాటు చొప్పున ముందు వాసన చూసి, తర్వాత విషయసూచిక చూశాను. మధ్యలో ఎక్కడో ‘కుమ్మరమ్మ తెలివి’ అని ఉంది. మా ఇంటివాళ్ళని ఎవరో కేకేసి పిలిచినట్టయి ఆ పేజీయే తీశాను. ఒక కుమ్మరమ్మ విత్తనాల కోసం ఒక్క కుండ పట్టుకుని బయలుదేరుతుంది. కుండ ఇచ్చి చేప, చేప ఇచ్చి నూనె, నూనె ఇచ్చి బట్ట పుచ్చుకుంటుంది. బట్ట తీసుకుని కొట్టాయన, ‘నీ కుండ నిండా విత్తనాలు పోస్తాను, కుండ తీసుకురా’ అంటాడు. కుండ ఎప్పుడో చేతులు మారిపోయింది. పాపం కొలతకి గిన్నె ఇస్తానన్నా పుచ్చుకోవడం తెలియని ఆ వెర్రిది ఉత్త చేతులతో ఇంటికి పోయింది, ఊరంతా నవ్వింది, కథ కంచికి. కింద చిన్న అక్షరాలతో, కొల్లేటి ప్రాంతంలో సేకరించినది అని వేశారు.

కొల్లేటి ప్రాంతం అంటే ఎక్కడో కాదు. ఆ రేవు నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం నాకు తెలుసు. నవ్వినవాళ్ళలో కొందరి పేర్లు కూడా తెలుసు. ఆ బేరంలో ఓడిపోయింది మా మామ్మ అచ్చమ్మ. ఓడిపోయిన మాట నిజమే, నేను కాదనను. వెర్రిది అన్న మాటకే నా తగువు. పుస్తకం వేసినాయన చదువుకున్నవాడే అయ్యుంటాడు. నేనూ చదువుకున్నాను. నా చదువుకి కాగితం ఎవరూ ఇవ్వలేదు, అంతే తేడా.

నేను బడికి వెళ్ళలేదు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. గుండుగొలను దిగువన, కొల్లేటికి పోయే కాలవ గట్టు మీద మా కుమ్మరి ఇళ్ళు ఉండేవి. పక్కనే క్రైస్తవుల పేట. అక్కడి మరియమ్మ నా ఈడుది, మిషన్ బడికి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చాక పగిలిన కుండ పెంకుల మీద బొగ్గుతో నాకు అక్షరాలు నేర్పేది. ఊరికే నేర్పేది కాదు. అచ్చులకి మట్టి పొయ్యి పుచ్చుకుంది, హల్లులకి బుల్లి చట్లు. గుణింతాల దగ్గరికి వచ్చేసరికి ఏనుగు కావాలంది. నేను చేసి ఇచ్చిన ఏనుగు తొండం ఎండలో పగిలి ఊడిపోతే, ఒత్తులు సగంలో ఉండగా చదువు ఆపేసింది. కొత్త తొండం అతికించి ఇచ్చాకే మిగతా సగం నేర్పింది. అలా బేరమాడి సంపాదించుకున్న అక్షరాలు నావి. పెళ్ళయి ఏలూరు వచ్చాక గ్రంథాలయం గడప తొక్కాను. మొదటి రోజు నన్ను చూసి ఎవరో పెద్దాయన, “ఎవరి కోసమమ్మా పుస్తకం?” అని అడిగితే, “నా కోసమేనండి” అన్నాను. అప్పటినుంచి బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ వచ్చాను. ఆ సంపుటం వేసినాయన ఎన్ని కథల పుస్తకాలు చదివాడో నాకు తెలియదు గానీ, నేను చదివినవి మటుకు తక్కువేమీ కాదు.

మా ఇంట్లో పొద్దు మట్టి వాసనతో మొదలయ్యేది. మా నాన్న చీకటి విడకముందే కాళ్ళతో మట్టి తొక్కేవాడు. ఆ తపతప చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. సారె తిప్పడం నాన్న పని, చెక్కతో కొట్టి కుండకి అడుగు తీర్చడం అమ్మ పని, కాల్చిన కుండని చూసి ఇది రేవుకు వెళ్ళేది, ఇది ఇంట్లో ఉండేది అని తీర్పు చెప్పడం మామ్మ పని. కుండలు కాల్చే ఆము విప్పిన రోజున ఇల్లంతా కాలిన ఊక వాసన, తాటాకు పొగ వాసన. మామ్మ బూడిదలో కూచుని ఒక్కో కుండనీ ఒళ్ళోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి, తల ఒక పక్కకి వాల్చి వినేది. మోత నచ్చకపోతే పక్కన పెట్టేది. మేం వండుకున్నవన్నీ అలా పక్కన పెట్టిన చట్లలోనే. మామ్మ సన్నగా, నల్లగా, వెదురు తడికలా ఉండేది. పొగాకు చుట్ట అడ్డపొగ పీల్చేది. కోపం వస్తే చుట్ట తీసి చెవి వెనక పెట్టుకునేది. ఆవిడ చెవి వెనక చుట్ట కనిపిస్తే మా నాన్న కూడా మాట్లాడేవాడు కాదు.

కోతలు అయి గాదెల్లోకి ధాన్యం వచ్చాక, మాఘమాసంలో మామ్మ కుండలు తీసుకుని లంకలకి బయలుదేరేది. రెండు తాటిదోనెలు జంట కట్టి, పైన తడిక పరిచి, ఎండుగడ్డి మెత్తగా వేసి, పెద్ద కాగుల్లో చిన్న ముంతలు దూర్చి సర్దేవాళ్ళం. గడ వేయడం మామ్మదే. ముందు కూచుని కిక్కిస దుబ్బులు పక్కకి తోసి దారి చూడడం నాది. ఆ రోజుల్లో ధాన్యం ధర పడిపోయి రైతుల చేతుల్లో డబ్బు ఆడేది కాదు. మాకేమీ తేడా తెలియలేదు. మా బేరంలో డబ్బు ఎప్పుడూ లేదు. కుండ ఖరీదు అడిగితే కుండలోకి చూపించేవాళ్ళం. కూర చట్టి అయితే దాని నిండా ఓసారి వడ్లు పోసి ఆ వడ్లు మాకు ఇచ్చేయాలి. చిన్న ముంత అయితే రెండుసార్లు, నీళ్ళ కాగు అయితే నడుము దాకా. వడ్లు మా గంపలో పడ్డాక మామ్మ ఆ కుండని చివరిసారి కొట్టి మోత వినిపించి, అవతలి మనిషి చేతుల్లో పెట్టి, “ఇంక నీది” అని రెండు చేతులూ దులుపుకునేది. ఒకసారి చేతులు దులుపుకున్నాక ఆ కుండని కుమ్మరి మళ్ళీ ముట్టుకోకూడదు. ఒకామె తలకెత్తుకోవడానికి సాయం పట్టమంటే కూడా మామ్మ పక్కావిడని పిలిచింది గానీ తను చెయ్యి వేయలేదు. ఏడాది గింజలు మాకు అలా లంకల్లోంచి రావాల్సిందే. ఒక రేవు పోతే ఇంట్లో ఒక ఋతువు గంజి.

కుండలతో పాటు కథ కూడా దిగేది. లంకల్లో మామ్మ కోసం చూసేవాళ్ళు సగం కుండల కోసం, సగం కథ కోసం చూసేవాళ్ళు. ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పుస్తకాల్లో ఎక్కడా నాకు ఇది కనపడలేదు. కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టడం ఎక్కడైనా ఉంది. మా కథల్లో బేరం వచ్చిన చోట ఊ ఆగిపోవాలి. కథలో కుమ్మరమ్మ చేపలవాడి దగ్గరికి వెళ్ళిందనుకోండి, మామ్మ కథ ఆపి, వింటున్న చేపలాయన వైపు తిరిగి, “ఏం బాబూ, ఏమిస్తావు?” అని అడిగేది. ఆయన నిజంగా బేరమాడాలి. తెలికలాయన ఉంటే నూనె బేరం ఆయనది. నేతగాడు ఉంటే బట్ట బేరం ఆయనది. ఆ పూట వాళ్ళు ఎలా తెగ్గొడితే కథ అలా నడవాలి. అందుకని ఒకే కథ ఒక లంకలో కొర్రమీనుతో నడిస్తే ఇంకో లంకలో పిడికెడు ఎండురొయ్యలతో నడిచేది. ఆ వృత్తి మనిషి ఎవరూ లేకపోతే ఆ చోట ఒక కుండ బోర్లించి పెట్టి, దాని తరఫున మామ్మే మాట్లాడేది. న్యాయంగానే మాట్లాడాలి. కానీ కుండ కుండే కదా.

అలా ఎప్పుడూ బోర్లా పడుకున్నది కొట్టాయన కుండ. కొట్లు నడిపేవాళ్ళు రేవులో నేల మీద కూచుని మా కథ వినడానికి ఎందుకొస్తారు? కథ చివర కుమ్మరమ్మ బట్ట తీసుకుని విత్తనాల కోసం కొట్టుకి వెళుతుంది. బోర్లించిన కుండ, మామ్మ గొంతుతో, “నా కుంచంతో కొలుస్తాను” అంటుంది. మామ్మ తన గొంతుతో, “కుండవై పుట్టి కుండ కొలత కాదంటావా?” అని దాని నెత్తిన ఒకటి మొట్టేది. రేవంతా నవ్వేది. కుండ ఒప్పుకునేది. కుమ్మరమ్మ కుండకొలతన విత్తనాలు తెచ్చుకునేది. నేను పుట్టకముందు నుంచీ అంతే.

పెద్ద లంకలో, గట్టు మీద కొట్టు వీరభద్రంగారిది. మంచి మనిషి. తూకంలో మోసం ఎరగడు. పిల్లలకి బెల్లం ముక్క చేతిలో పెట్టకుండా పంపడు. ఆ ఏడు ఆయన తాడేపల్లిగూడెం నుంచి సత్తు గిన్నెలు తెప్పించాడు. తళతళ మెరుస్తూ, కింద పడినా పగలకుండా, చూడ్డానికి బావున్నాయి. కొట్టు ముందు తాడు కట్టి వేలాడదీశాడు. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి. జనం వచ్చి చూశారు, నెత్తిన పెట్టుకుని నవ్వారు, కొనకుండా వెళ్ళారు. పైగా పిల్లలు ఆయన బట్టతల చూసి వెనకనుంచి “బోర్లా కుండ! బోర్లా కుండ!” అని పరిగెత్తేవారు. ఆయన మనసు కష్టపెట్టుకుని మునసబుగారి దగ్గరికి వెళ్ళాడట. ఇది మాకు తెలియదు. మేం ఎప్పట్లాగే గడ వేసుకుంటూ రేవుకి చేరాం.

రేవులో మునసబుగారు నిలబడి ఉన్నారు. పక్కన వీరభద్రంగారు, ఉత్తరీయం చేతిలో నలుపుతూ.

“అచ్చమ్మా, పడవ ఒడ్డుకి ఆనించకు” అన్నారు మునసబుగారు.

“ఏవండీ, ఏం తప్పు జరిగిందండి?”

“నీ కథలో షావుకారు ప్రతిసారీ ఓడిపోతున్నాడట. ఆయన పరువు పోతోంది. ఆ కథ మానేస్తానని చెప్పు, కుండలు దింపుకో.”

మామ్మ గడ నీళ్ళలో గుచ్చి, దాన్ని పట్టుకుని నిలబడింది. చుట్ట తీసి చెవి వెనక పెట్టుకుంది. 

“నేను ఓడించలేదండి. కొట్టాయన రాకపోతే కుండ బోర్లించి మాట్లాడుకున్నాను. కుండకి అంతకంటే బేరం రాదు మరి. షావుకారుగారినే వచ్చి కూచోమనండి. ఆయన బేరం ఆయన్నే ఆడుకోమనండి. కథ మానెయ్యమంటే మటుకు నా వల్ల కాదు బాబూ.”

“నేనా?” అన్నారు వీరభద్రంగారు. “నేల మీద కూచుని కథలో బేరమాడాలా అండీ?”

“మీకు బేరం కొత్తా అండీ?” అని ఎవరో ఆడమనిషి అంది. అప్పటికే సగం ఊరు రేవులో ఉంది.

మునసబుగారికి కూడా సరదా పుట్టినట్టుంది. మీసం కింద నవ్వు దాచుకుని, “సరే. ఇక్కడే తేలాలి. అచ్చమ్మ గెలిస్తే కుండలు దింపుకుంటుంది. వీరభద్రం, నువ్వు గెలిస్తే పడవ తిప్పుకు పోతుంది, ఇంక ఈ ఒడ్డుకి ఆనించదు. ఇద్దరికీ సమ్మతమేనా?” అన్నారు. ఆ లంక మాకు అన్నిటికంటే పెద్ద రేవు. దోనెలో సగం కుండలు దాని కోసమే. నేను మామ్మ చీర కుచ్చిళ్ళు లాగాను, ఒప్పుకోవద్దని. ఆవిడ నా చేయి విదిలించుకుని, “సమ్మతమేనండి” అంది.

దోనెలోనే నిలబడి కథ మొదలెట్టింది. కుమ్మరమ్మకి చిన్న మడిచెక్క ఉంది, విత్తనం లేదు. ఇంట్లో మిగిలింది ఒక్క కుండ. ఊ. చేపలవాడి దగ్గరికి వెళ్ళింది. ఊ ఆగింది. చేపల సైదులు అక్కడే మోకాళ్ళ మీద వల పెట్టుకుని కూచుని ఉన్నాడు. బతికున్న కొర్రమీను గంపలో ఉంటే చచ్చిపోతుందని, నీళ్ళు పోసి పెట్టుకోవడానికి కుండ కావాలని, కుండకి ఒక కొర్రమీను ఇస్తానని తెగ్గొట్టాడు. మామ్మ గాలిలో కుండ ఉన్నట్టే కణుపుతో కొట్టి, సైదులు చేతుల్లో పెట్టినట్టు పెట్టి, “ఇంక నీది” అని చేతులు దులుపుకుంది. అక్కడినుంచి తెలికలావిడ, బాలింత కోడలికి కొర్రమీను కూర పెట్టాలని తీసుకుని నూనె ఇచ్చింది. నేతగాడు దీపానికి నూనె పుచ్చుకుని పంచె ఇచ్చాడు. పంచెతో కుమ్మరమ్మ కొట్టుకి వచ్చింది. మామ్మ వీరభద్రంగారి వైపు తిరిగింది. ఆయన అప్పటికి ఉత్తరీయం పరుచుకుని నేల మీద కూచున్నారు.

“ఏవండీ షావుకారుగారూ, పంచెకి ఏం పోస్తారు?”

“విత్తనాలేగా కావాలి? ఏ కొలతన అడుగుతారండీ?”

“మా కొలత ఒకటే కదండీ. కుండ నిండా.”

నా కుంచంతో కొలుస్తానంటాడని అందరూ చూస్తున్నారు. మొట్టడానికి మామ్మ వేళ్ళు కూడా మడిచింది. వీరభద్రంగారు చేతులు జోడించి, ఎంతో మెత్తగా, “కుండ కొలతే కానివ్వండి. మీ మాట కాదనే మనిషినా అండీ నేను? మీ కుండ తీసుకురండి. అంచు పైన శిఖ కట్టేదాకా పోస్తాను” అన్నారు.

 రేవంతా పెద్ద నవ్వు. కుండ సైదులు దగ్గరుంది కదా! మామ్మ మొట్టడానికి మడిచిన వేళ్ళు విప్పేసింది. ఇన్నేళ్ళలో ఆ బోర్లా కుండ ఈ మాట ఎప్పుడూ అనలేదు. మెల్లగా సైదులు వైపు తిరిగి, “ఏం సైదులూ, కొలతకి ఓసారి ఇస్తావా?” అంది.

సైదులు తల గోక్కున్నాడు. “నాకేం అత్తా, ఇస్తాను. కానీ నువ్వు చేతులు దులుపుకున్నావు గదా. నువ్వు మళ్ళీ ముట్టుకుంటే ఇక్కడ కుండ కొన్నవాళ్ళందరూ ఏమనుకోవాలి?”

“నిజమేరా” అంది మామ్మ.

నేను ఆగలేకపోయాను. “కుమ్మరమ్మే కదా మామ్మా! ఇంకో కుండ చేసుకుని తేవచ్చుగా!”

“చేసి, ఆరబెట్టి, కాల్చి వచ్చేసరికి విత్తే అదును దాటిపోతుంది అమ్మడూ” అంది ఆవిడ, నా వైపు చూడకుండానే.

అప్పుడు వీరభద్రంగారు లేచి, కొట్టులోంచి ఒక సత్తు గిన్నె తెప్పించి, రెండు చేతులతో పైకెత్తి చూపించారు. వెక్కిరింపుగా కాదు. ఆయన అలాంటి మనిషి కాదు. “ఎందుకండీ ఉత్త చేతులతో పోవడం? ఇదిగో, దీనితో కొలుచుకోండి. మీ కుండకి ఏమీ తీసిపోదు. కథా తెగుతుంది, మీ కుండలూ ఒడ్డుకి దిగుతాయి. మునసబుగారికి నేను చెబుతాను.”

రేవులో అందరి కళ్ళూ మామ్మ మీదే. గిన్నె పుచ్చుకుంటే కుండలు దిగుతాయి. గింజలు వస్తాయి. పుచ్చుకున్న మరుక్షణం, కుమ్మరమ్మ సత్తు గిన్నెతో కొలుచుకుందని కొల్లేరంతా చెప్పుకుంటారు. నాకు ఆకలి గురించి తెలుసు. నేను మనసులో పుచ్చుకోమనే అనుకున్నాను. మామ్మ గిన్నెని చూసి, దూరంనుంచే వేలి కణుపుతో గాలిలో కొట్టి, చెవి వాల్చి, “దీని మోత మా బేరంలో చెల్లదండి” అంది. “మీరు గెలిచారు. ఈ ఒడ్డున ఈ కథ ఇంక మీరు గెలిచినట్టే చెబుతాను. మాట తప్పను.” గడ పెరికి దోనె తిప్పింది.

పుస్తకంలో కథ అక్కడితో అయిపోయింది. రేవులో అవలేదు.

దోనె నాలుగు గడల దూరం కూడా పోలేదు, వెనకనుంచి నీళ్ళ చప్పుడు. తిరిగి చూస్తే వీరభద్రంగారి భార్య రత్తమ్మగారు, నెత్తిన వడ్ల గంపతో, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వస్తోంది. ఆవిడ గడప దాటి రేవుకి రావడమే అరుదు.

“ఏమేవ్! ఎక్కడికి?” అని ఒడ్డున వీరభద్రంగారు కేక.

“పెరుగు కుండకండీ” అంది ఆవిడ ఆగకుండానే. “బేరం మీరు గెలిచారు, సంతోషం. మీ గిన్నెలో తోడు పెట్టిన పెరుగు మూడు పూటలనుంచీ మీరే వద్దంటున్నారు కదండీ. పడవ ఒడ్డుకి ఆనకూడదన్నారు గానీ నన్ను నీళ్ళలో దిగొద్దని ఎవరూ అనలేదు.”

మునసబుగారు గట్టిగా నవ్వేశారు. “నా ఏలుబడి ఒడ్డు వరకే వీరభద్రం!” అన్నారు. ఇంక చూడాలి. ఆ నవ్వు పూర్తి కాకముందే తెలికలావిడ దిగింది, సైదులు పెళ్ళాం దిగింది, చేటలతో, గంపలతో, కొంగుల్లో వడ్లు మూటకట్టి ఆడవాళ్ళందరూ దిగారు. చీరలు నీళ్ళ మీద తేలుతున్నాయి. మామ్మ గడ గుచ్చి దోనె నిలబెట్టింది. నేను కుండలు అందించాను, వడ్లు పోయించుకున్నాను. నీళ్ళలో బేరాలు, నీళ్ళలో పోట్లాటలు, “నా కాగు ఎక్కడే?” “నీ కాగు నీ వెనకే ఉందే గుడ్డిదానా!” అని అరుపులు. అడుగున బురదలో కాలు జారి రత్తమ్మగారు గంపతో తూలితే, వీరభద్రంగారే పంచె ఎగ్గట్టుకుని గబగబా దిగి గంప అందుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ పెరుగు కుండ ఆయన చేతుల్లోనే ఉంది, రొమ్ముకి ఆనించుకుని, పసిపిల్లని మోసినట్టు. పిల్లలు ఈసారి ఏమీ అనలేదు.

ఆ తర్వాత నేను పెళ్ళయి వెళ్ళేదాకా మా దోనె ఆ లంక ఒడ్డుకి ఆనలేదు. కాస్త దూరంగా నీళ్ళలో నిలబడేది, వాళ్ళే వచ్చేవారు. కథ అడిగితే మామ్మ అక్కడ షావుకారు గెలిచినట్టే చెప్పింది. పక్క లంకలో మటుకు బోర్లించిన కుండ ఎప్పట్లాగే మొట్టికాయ తింది. “నీ కథే కదా మామ్మా, గెలిచానని చెప్పెయ్యొచ్చుగా” అని నేను ఒకసారి సణిగితే, “నా ఒక్కదాని కథ అయితే నువ్వే వినవే” అంది.

ఏలూరు గ్రంథాలయంలో దేశదేశాల కథలు తెలుగులో చదివాను. దర్జీలు, కమ్మర్లు, మరపట్టేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు ఎంతమందో. చదివేకొద్దీ నాకు ఒకటి అనిపించింది. కథల్లో చేతిపని మనిషి, అయితే జిత్తులమారి, కాకపోతే వెర్రివాడు. వస్తువుకి వస్తువు మార్చుకున్నవాడు ఎప్పుడూ నవ్వులపాలు. ఈ కథలు రాసుకున్నది వస్తువులు చేసినవాళ్ళు కాదు, చేయించుకున్నవాళ్ళు అని నా లెక్క. తప్పయితే దిద్దండి, వింటాను. కానీ మా రేవులో చేపల బేరం చేపలాయనే ఆడాడు. అలాంటి చోట వెర్రివాడు ఎవరూ ఉండడు. ఓడినవాడు ఉంటాడు, అంతే. ఇప్పుడు లంకల నిండా చేపల చెరువులు, లారీలు. నీళ్ళ బిందెలు ప్లాస్టిక్కువి. అయినా మా వీధిలోకి పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే మనిషి వస్తే, నా కోడలు రెండు చీరలకి డబ్బా పుచ్చుకుని మూతకి ఇంకో గంట పోట్లాడుతుంది. ఆ గొంతు వింటుంటే నాకు కొల్లేటి నీళ్ళు కాళ్ళకి తగులుతాయి. ఎవరన్నారండీ ఆ కాలం పోయిందని?

పుస్తకం చూశాక నేను ఊరుకోలేదు. తాడేపల్లిగూడెంలో వీరభద్రంగారి మనవరాలు విజయలక్ష్మిగారు ఉన్నారని తెలిసి బస్సెక్కి వెళ్ళాను. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కథ చదివి వినిపించాను.

“మా తాతగారు గెలిచారనే మా ఇంట్లో కూడా చెబుతారండీ” అన్నారామె, కొంచెం జాగ్రత్తగా.

“గెలిచారండీ. నేను కాదనడానికి రాలేదు.”

“కానీ ఇక్కడ ఆపేశారేంటండీ?” అని పేజీ తిప్పి చూశారు. “మా నానమ్మ నీళ్ళలోకి దిగాలి కదా! మా ఇంట్లో ఆ కథ అక్కడే తెగుతుంది. తాతగారు పెరుగు కుండ మోసుకొచ్చిన దగ్గర.”

 మా మామ్మ నీళ్ళ సంగతి ఏనాడూ కథలో కలపలేదు. గెలిచినవాళ్ళ ఇంట్లో కలిపారు. విజయలక్ష్మిగారు లోపలికి వెళ్ళి, అంచు కాస్త చిట్లిన నల్లటి కుండ ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. ఎత్తుకోమన్నట్టు చూశారు. నేను ఎత్తుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమెకి అర్థమై, తనే వేలి కణుపుతో కొట్టి వినిపించారు.

తర్వాత ఇద్దరం కూచుని, పుస్తకం వేసినాయన కోసం ఒక స్టీలు గిన్నె బోర్లించాం. ఆయన తరఫున నేనే న్యాయంగా మాట్లాడాను. విన్నది విన్నట్టు రాశాను అన్నాడు. నిజమే అన్నాం. కథకి ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలి కదా అన్నాడు. సరే అన్నాం. వెర్రిది అన్న మాట ఆ రేవులో ఎవరన్నారు అని అడిగితే గిన్నె మాట్లాడలేదు.

మా ఇంట్లో ఊరికే దండాలు పెట్టే అలవాటు లేదు. పుచ్చుకున్నది చెప్పి మరీ పెడతాం. అక్షరాలు ఇచ్చిన మరియమ్మకి, ఏనుగు ఋణం తీరినా ఇది తీరలేదు గనక. నన్ను పుస్తకాల మధ్య ఇన్నేళ్ళు ఊరికే కూచోనిచ్చి, ఈ సంపుటాన్ని గడువు దాటినా అడగని గ్రంథాలయం సుందరరావుగారికి. సైదులు ఆ రోజు ఏమన్నాడో వాళ్ళింట్లో చెప్పుకునే మాట కలిపి చెప్పిన అతని కొడుకు పోతురాజుకి. నా గీతలు చదవగలిగి, శుభ్రంగా తిరగరాసిన మనవరాలు శాంతికి. కుండ కొట్టి వినిపించిన విజయలక్ష్మిగారికి. న్యాయంగా గెలిచిన వీరభద్రంగారికి. నీళ్ళలోకి ముందు దిగిన రత్తమ్మగారికి. ఓడిపోవడం తెలిసిన మా అచ్చమ్మకి.

పుస్తకం వేసినాయనకి మటుకు ఇంకా దండం పెట్టలేదు. గిన్నె అలాగే బోర్లించి ఉంచాం. వచ్చి కూచుని, ఆయన బేరం ఆయనే ఆడుకోవచ్చు.